పాలమందు సమీకరణం

గార్ల బజారులో యాదగిరి సేటు ఎవరంటే చెప్పలేని వాళ్ళు ఉంటారేమో గానీ, పాలమందు సేటు ఎవరంటే పాలుతాగే పిల్లలు కూడా నా దుకాణం వైపు చెయ్యి చూపిస్తారు. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్ముతాను. దుకాణానికి ముప్ఫై ఏళ్ళు, పాలమందుకు పదకొండేళ్ళు. నాకు పేరొచ్చింది దానివల్లే కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

మిరపకాయ గట్టిగా నిలవాలంటే కాల్షియం నైట్రేట్ కొట్టాలి. ఆకు పచ్చగా ఉండాలంటే మెగ్నీషియం సల్ఫేట్ కొట్టాలి. రెండూ తెల్లటి పలుకులు, కిలో సంచుల్లో వస్తాయి. ముందు బకెట్టు నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళు వీపుకు తగిలించుకొనే పంపుకు ఒక డబ్బా చొప్పున పోసుకొని, మిగతా పంపు మామూలు నీళ్ళతో నింపి తోటకు కొడతారు. పదకొండేళ్ళ కిందట లంబాడీ తండా నుంచి రుక్కి వచ్చి, "సేటూ, గీ రెండు ఒక్క బకెట్ల కలపొచ్చునా?" అని అడిగింది. నాకు తెలియదు. కానీ 'తెలియదు' అన్న మాట గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడి నోట రావడం నేనెన్నడూ వినలేదు. "కలుపు, ఏం గాదు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. తోట మాడిందేమో అనుకున్నాను. ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. "సేటూ, రెండు కలపంగనే బకెట్టంత పాలైంది! తెల్లగ, చిక్కగ!" అంది.

"అయితది మరి. గదే దాని బలం" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

రుక్కి అంటే మామూలు మనిషి కాదు. రెండెకరాల మిరప, ఒక బావి, మంగ్యా అనే నోట్లో నాలుక లేని భర్త, నాలుగు తండాల్లో చెల్లుబాటయ్యే మాట ఆమె ఆస్తి. ఆమె కొన్నది అందరూ కొంటారు, ఆమె ఛీ అన్నది ఊరి పొలిమేర దాటదు. ఆ ఏడాది చివరికల్లా 'పాలమందు' అని నేను పెట్టని పేరు దానికి వచ్చేసింది. పంటకారు మొదట్లో తొలి బకెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టడం మొదలైంది. పాలు పొంగిన ఇంట్లో లక్ష్మి ఉంటుందంటారు కదా, అదే లెక్క. బకెట్టు తెల్లబడితే చేతులు జోడించేవాళ్ళు. నేను కాదనలేదు. దండం పెడుతుంటే కాదనే వ్యాపారిని చూపించండి.

ఇలా హాయిగా సాగిపోతుండగా కొత్త నిబంధన వచ్చి పడింది. మందులమ్మే వాడు వ్యవసాయమో రసాయనశాస్త్రమో చదివి ఉండాలట. చదవకపోతే ఏడాది పాటు ఆదివారాలు తరగతులకు వెళ్ళి డిప్లొమా తెచ్చుకోవాలట. డిప్లొమా లేకపోతే ఫిబ్రవరి తరవాత లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే దుకాణం లేదు. నాకు యాభై నాలుగేళ్ళు. పదో తరగతిలో సైన్సు ముప్ఫై ఆరు మార్కులతో గట్టెక్కాను, ఆ ముప్ఫై ఆరులో కనీసం పన్నెండు నా ముందు బల్ల మీద కూర్చున్నవాడి సొమ్ము.

"సంచి కొనియ్యాల్నా? నీళ్ళ సీసా మెడకు తగిలియ్యాల్నా?" అంది నా భార్య ఓదెమ్మ, మొదటి ఆదివారం టిఫిన్ డబ్బా చేతికిస్తూ. తల కూడా దువ్వబోయింది. నేను కసురుకొని స్టేషనుకు నడిచాను.

మహబూబాబాద్‌లో ఒక కాలేజీ గదిలో తరగతులు. నలభై మందిమి దుకాణదారులం, అందరివీ బానపొట్టలే, పదహారేళ్ళ పిల్లల కోసం చేసిన బల్లల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. నా పక్కన బయ్యారం నుంచి వచ్చే భోజ్యా. నాకంటే పదేళ్ళు చిన్న, నాకంటే పదింతలు చురుకు. పాఠం చెప్పేది సుమన మేడం. స్టేషన్ ఘన్‌పూర్ అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. గాజు గ్లాసులూ సీసాలూ తువ్వాళ్ళలో చుట్టి సంచిలో వేసుకొని ఆదివారం ఆదివారం రైలు దిగేది. నన్ను "యాదగిరి సార్" అని పిలిచేది. ఆ సార్‌లో గౌరవం ఎంతుందో జాలి ఎంతుందో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

సమీకరణాలు మొదలయ్యాయి. బాణం గుర్తుకు ఎడమ పక్క ఎన్ని పరమాణువులు ఉంటే కుడి పక్క అన్నే ఉండాలి. అంతే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను. బోర్డు మీదికి నన్నే పిలిచింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్ళు. ఎడమ పక్క ఆక్సిజన్ రెండు, కుడి పక్క ఒకటే. ఒకటి తక్కువ పడింది. తక్కువ పడ్డచోట వెయ్యడం నాకు కొత్తా? H₂O పక్కన కింద చిన్న 2 తగిలించి H₂O₂ చేసి, చేతులు దులుపుకొని వచ్చి కూర్చున్నాను.

మేడం ఆ చిన్న 2 చుట్టూ సున్నా చుట్టింది. "యాదగిరి సార్, ఇవి నీళ్ళు కావు. పుండ్లు కడిగే మందు. దూపైతుందని ఇది తాగితే సీదా దవాఖానకే."

నలభై పొట్టలూ బల్లల మధ్య ఎగిరెగిరి పడ్డాయి. భోజ్యా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"కింది అంకె ముట్టుకోవద్దు సార్. అది ముట్టుకుంటే సరుకే మారిపోతది. ముందు అంకె పెట్టాలె" అంది మేడం.

"గంతే అన్న" అని భోజ్యా నా చెవిలో వివరించాడు. "కుట్టిన సంచి ఇప్పద్దు. కావాల్నంటే ఇంకో సంచి తెచ్చి పెట్టు."

ఇది నాకు అర్థమైంది. అర్థం కావడం వేరు, చేతికి రావడం వేరు. నా చెయ్యి ముప్ఫై ఏళ్ళుగా సంచి విప్పే చెయ్యి, దానికి ఎక్కడ లెక్క తప్పినా కింది అంకె మీదికే పోతుంది. ఆరు నెలల్లో నేను సున్నాన్ని, తినే సోడాను, ఒకసారి అయితే ఇనుమును కూడా లోకంలో లేని పదార్థాలుగా మార్చాను. మొదటి పరీక్షలో యాభైకి తొమ్మిది వచ్చాయి. రెండోదాంట్లో పదకొండు.

మేడం నన్ను వరండాలోకి పిలిచి ఉన్నమాట చెప్పింది. "సార్, రాతపరీక్షతోటి మీరు గట్టెక్కరు. జనవరి ఆఖర్ల పొలంల ప్రాక్టికల్ ఉంటది. ఒక మందు మీ చేతులతోటి కలిపి, అది ఎందుకు గట్ల కలుపుతున్నరో చెప్పాలె. అండ్ల మంచిగ చేస్తేనే పాసు. లేకపోతే నా చేతుల ఏం లేదు."

మునిగేవాడికి తాడు దొరికింది. మందు కలపడంలో నాకు పరీక్షా! "ప్రాక్టికల్ మా రైతు పొలంల పెట్టుండ్రి మేడం. నా పాలమందు కలిపి చూపిస్త" అన్నాను.

"పాలమందు అంటే ఏంది సార్?"

"వచ్చినప్పుడు చూస్తరు" అన్నాను, మీసం మీద చెయ్యి వేసి.

ఆ సాయంత్రమే రుక్కికి చెప్పాను, మీ తోటకు పట్నం నుంచి మేడమూ, నలభై మంది సేట్లూ వస్తున్నారని. రుక్కి అక్కడికక్కడే తండా అంతటికీ కబురు పెట్టింది. రెండు టెంట్లు వేయిస్తానంది. నేనే ఒక్కటైతే చాలన్నాను.

ప్రాక్టికల్ ఇంకో వారం ఉందనగా జల ద్రావణాల పాఠం వచ్చింది. ఏదైనా లవణాన్ని నీళ్ళలో వేస్తే అందులోని రెండు భాగాలూ చేతులు వదిలేసి దేనికదిగా తిరుగుతాయట. వాటిని అయాన్లంటారట. మేడం రెండు గ్లాసుల్లో నీళ్ళు తీసుకొని, ఒకదాంట్లో ఒక పొడి, రెండోదాంట్లో ఇంకో పొడి వేసి కలిపింది. రెండూ తేటగా ఉన్నాయి. ఒకదాన్ని రెండోదాంట్లో పోసింది. గ్లాసు ఒక్కసారిగా తెల్లబడింది.

"పాలమందు!" అని అరిచాను. అరవకుండా ఉండలేకపోయాను. సగం మంది చప్పట్లు కొట్టారు. వాళ్ళల్లో చాలామంది నా దగ్గర నేర్చుకొని వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో అమ్ముతున్నవాళ్ళే.

"అయితే మీరే వచ్చి రాయండి సార్" అని సుద్దముక్క ఇచ్చింది మేడం. "ఒక గ్లాసుల కాల్షియం నైట్రేట్, ఇంకో గ్లాసుల మెగ్నీషియం సల్ఫేట్. నీళ్ళల్ల జంటలు విడిపోయి, తారుమారై కలుస్తయి. దీన్ని ద్వంద్వ వియోగం అంటరు."

"గిది కుండమార్పిడి పెండ్లి గద మేడం" అన్నాడు భోజ్యా. "గీ ఇంటి పిల్ల గా ఇంటికి, గా ఇంటి పిల్ల గీ ఇంటికి."

మాదీ కుండమార్పిడే. ఓదెమ్మ నా ఇంటికి వచ్చింది, మా చెల్లెలు రాణి ఓదెమ్మ తమ్ముడి ఇంటికి వెళ్ళింది. కాబట్టి నా చెయ్యి ఈసారి తడబడలేదు. కాల్షియాన్ని సల్ఫేట్ పక్కన కూర్చోబెట్టాను, మెగ్నీషియాన్ని నైట్రేట్ పక్కన.

Ca(NO₃)₂ + MgSO₄ → CaSO₄ + Mg(NO₃)₂

లెక్కపెట్టాను. ఎడమా కుడీ సరిపోయాయి. ఏ అంకెనూ ముట్టుకోకుండా, ఏ సంచీ పెంచకుండా సరిపోయాయి! నా జన్మలో నేను రాసిన మొదటి తుల్య సమీకరణం అది. ఛాతీ ఉప్పొంగింది.

"శెభాష్ సార్. ఇండ్ల ఒక జంట నీళ్ళల్ల తిరుగుతనే ఉంటది. ఒక జంట మాత్రం ఎంత గట్టిగ పట్టుకుంటదంటే నీళ్ళు కూడ విడదియ్యలేవు. అది అడుక్కు దిగి కూసుంటది. దాన్ని అవక్షేపం అంటరు."

మా రాణి దంపతులు హైదరాబాదనీ, షిర్డీ అనీ, బొంబాయి అనీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటారు. నేనూ ఓదెమ్మా ముప్ఫై ఏళ్ళుగా దుకాణం అడుగున కదలకుండా కూర్చున్నాం. అవక్షేపం అంటే ఏమిటో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు అనుకొని లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నవ్వుతుండగానే మేడం అడిగింది.

"మరి ఆ తెల్లది ఏంది సార్?"

"కాల్షియం సల్ఫేట్."

"అంటే?"

నాకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు.

"జిప్సం. ఇండ్లల్ల సీలింగుకు కొడ్తరు చూడుండ్రి తెల్ల పిండి, దాని తల్లి. నీళ్ళల్ల కరగది. కరగనిది ఆకుల్లకు పోదు. గీ రెండు ఒక్క బకెట్ల కలిపితే కాల్షియం ఆకుకు అందదు, అడుగుల సుద్దై కూసుంటది. గందుకే ఇవి విడివిడిగ, ఐదారు రోజులు ఎడం పెట్టి కొట్టాలె."

గదిలో చప్పట్లు కొట్టిన చేతులన్నీ బల్లల కిందికి పోయాయి. భోజ్యా నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. పదకొండేళ్ళు. నాలుగు తండాలు. నేను మిరపతోటలకు సీలింగు వేయిస్తూ వచ్చానన్నమాట.

ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చొని ఆలోచిస్తుంటే గార్ల వచ్చింది, పోయింది. డోర్నకల్‌లో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను.

మర్నాడు పొద్దున దుకాణం తీయకముందే ఓదెమ్మ వంటింట్లో రెండు గ్లాసులు తీసుకొని నేనే కలిపి చూశాను. మేడం తప్పయి ఉండొచ్చు కదా. తెల్లబడింది. అరగంట కదపకుండా ఉంచాను. పైన తేట, అడుగున రెండు వేళ్ళ మందం సుద్ద. గ్లాసు వంచితే పేరిన పెరుగులా జారింది. ఓదెమ్మకు మొత్తం చెప్పాను.

"మరి మిరప పండలేదా గిన్నేండ్లు?" అంది.

"పండింది. సగం మందుతోటి పండింది. కాల్షియం అందితే ఇంకా మంచిగ పండేది. అందకపోతే కాయ కొన మెత్తబడి మచ్చ పడుతది."

"మచ్చ వడ్డదని వచ్చినోళ్ళకు ఎర్రమూత సీసా ఇస్తవ్ గదా?"

తెగులు మందని నిజంగానే ఇచ్చేవాణ్ణి. నేను పెట్టిన జబ్బుకు నేనే మందమ్మాను, తెలియకే అయినా. సిగ్గేసింది. గ్లాసు కడగబోతే ఓదెమ్మ లాక్కుంది, ఆ సుద్ద తోమినా పోవడం లేదు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు" అంది, గ్లాసును పీచుతో రుద్దుతూ. "నీకు ఉల్టా అయింది. లేని మతి వచ్చింది. గదే పరేషాన్."

పరేషానే మరి. మేడం ముందు పాలమందు కలిపితే పరీక్ష పోతుంది, లైసెన్సు పోతుంది, దుకాణం పోతుంది. కలపకపోతే తండా ముందు మాట పోతుంది, రుక్కి పోతుంది, ఆమెతో పాటు నాలుగు తండాలూ పోతాయి, అప్పుడు లైసెన్సు గోడకు తగిలించుకొని ఈగలు తోలుకోవాలి. జ్వరం వచ్చిందని పడుకుందామా అనుకున్నాను. ఓదెమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "సల్లగ ఉన్నవ్, పో" అంది.

జనవరి ఆఖరి ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు రుక్కి తోట గట్టు మీద టెంటు కింద తండా మొత్తం ఉంది. నలభై మంది దుకాణదారులు చెప్పులు చేత్తో పట్టుకొని సాళ్ళ మధ్య నిలబడ్డారు. నీలం రంగు డ్రమ్ము నిండా నీళ్ళు. డ్రమ్ము పక్కన బకెట్టు, దానికి పసుపు, అయిదు బొట్లు. బకెట్టు పక్కన నా దుకాణం సంచులు రెండు, మూతులు కత్తిరించి సిద్ధంగా. మంగ్యా చార్జింగు పంపు భుజానికి తగిలించుకొని నిలబడి ఉన్నాడు. సుమన మేడం చేతిలో మార్కుల కాగితం.

"షురూ చెయ్యి సేటూ. ఆలిస్యమైతుంది" అంది రుక్కి. కొత్త రవిక వేసుకుంది.

బకెట్టులో నీళ్ళు పోశాను. కాల్షియం సంచి ఒంపి కట్టెతో కలిపాను. పలుకులు కరిగిపోయాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. జనం ముందుకు వంగారు. రుక్కి మెగ్నీషియం సంచి తీసి నా చేతికి అందించింది.

నేను అందుకోలేదు.

"గది వద్దు రుక్కక్కా" అన్నాను.

"వద్దంటే? పాలెట్లైతది?"

"పాలు గావద్దు."

టెంటు కింద గుసగుసలు లేచాయి. "తెల్లగైతలేదు", "నకిలీ సంచి తెచ్చిండు", "సేటుకు దెబ్బ గిట్ల తాకిందా ఏంది" అన్నారు. మేడం కలం మూత తీసింది. నేను జేబులోంచి సుద్దముక్క తీసి, నీలం డ్రమ్ము మీద సమీకరణం రాశాను. అంకెలు తప్పలేదు. CaSO₄ పక్కన కిందికి బాణం గీశాను, అడుక్కు దిగుతుందని. తండాలో ఎవరికీ అందులో ఒక్క అక్షరం తెలియదు. నాకూ తొమ్మిది నెలల కిందట తెలియదు.

"గిది మనం బకెట్ల చేసే పని" అన్నాను. "గీ రెండు నీళ్ళల్ల కలిస్తే, గీ కాల్షియం పోయి గా సల్ఫేటును పట్టుకుంటది. పట్టుకొని సుద్దైతది. తెల్లగ కనవడేది గా సుద్దనే. బలం గాదు. గది ఆకుకు ఎక్కది, అడుగుల ఉండిపోతది. రెండు వేరే వేరే కొట్టాలె. ఒక్కటి ఇయ్యాల, ఒక్కటి వారానికి. నేను పదకొండేండ్ల సంది మీకు తప్పు చెప్పిన. అడిగిన నాడు నాకు తెల్వదు. తెల్వదని చెప్పలే."

భోజ్యా తల వంచుకొని మిరప ఆకు ఒకటి తెంపి మడతలు పెడుతున్నాడు. ఇక రాళ్ళు పడతాయేమో అనుకున్నాను. రుక్కి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకొని, "నాకెర్కే" అంది.

"ఏమెర్క?"

"తెల్లది ఆకుకు ఎక్కదని. ఒక్కనాడు పంపుల పోస్తే నాజిల్ బందైంది. మంగ్యా గడియసేపు సూదితోటి పొడిచిండు. గప్పటిసంది పైన తేట పంపుకు పోస్త, కింది తెల్లది గా పల్లిచెట్లకు పోస్త." బావి పక్కనున్న చిన్న మడి వైపు చెయ్యి చూపించింది. "సూడు రాండ్రి."

అందరం వెళ్ళాం. రుక్కి ఒక పల్లిచెట్టు మొదలు పట్టి పీకి, మట్టి దులిపి మేడం చేతిలో పెట్టింది. వేళ్ళ నిండా గుత్తులు గుత్తులుగా కాయలు, ఒక్కోటి బొటనవేలంత. మేడం ఒకటి చిదిపి చూసింది. రెండు గింజలూ పొట్టు నిండా ఉన్నాయి. ఆ అమ్మాయి ముఖం దీపావళి అయిపోయింది.

"పల్లికి జిప్సమే వేయాలె! ఊడలు మట్టిలకు దిగేటప్పుడు జిప్సం వేస్తేనే కాయ నిండుతది. మీకెవరు చెప్పిండ్రు అవ్వా?"

"గీ సేటే."

"నేనా?" అన్నాను.

"ఒక్క మందుతోటి రెండు పంటలు పండిస్తవనుకున్న. పైది మిరపకు, కిందిది పల్లికి. సేటు తెలివిగల్లోడు, చెప్పకుంటనే చెప్పిండు అనుకున్న."

జనం గొల్లున నవ్వారు. నలభై మందీ నవ్వారు. భోజ్యా నా వీపు చరిచాడు. గండం గడిచిందనుకున్నాను. ఇంకో క్షణం ఆగితే పల్లిమందు కూడా నేనే కనిపెట్టానని చెప్పేసేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు. అంతలో రుక్కి నవ్వు ఆపేసింది. డ్రమ్ము వైపు తిరిగి ఆ సుద్ద రాతల్ని చూస్తూ నిలబడింది.

"కాల్షియమంత పల్లికి పోతే, మరి మిరపకు?" అంది.

"మిరపకు పోలే" అన్నాను.

"ఇన్నేండ్లు?"

"ఇన్నేండ్లు."

"కాయ కొనకు మచ్చ గందుకేనా?"

"శానా మటుకు గందుకే."

"దానికి ఎర్రమూత సీసా ఇచ్చినవ్."

"ఇచ్చిన అక్కా."

ఆమె మంగ్యా వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. రెండే మాటలు. ఆ భాష నాకు రాదు గానీ, అది తిట్టు కాదని మాత్రం తెలిసింది. తిట్టయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మంగ్యా పంపు భుజం నుంచి దించాడు.

"గీ బకెట్ల ఉన్నది కాల్షియమేనా?" అని అడిగింది రుక్కి.

"కాల్షియమే."

"గిది ఆకుకు ఎక్కుతదా?"

"ఎక్కుతది."

"అయితే నువ్వే ఎక్కియ్యి" అని పంపు నా కాళ్ళ ముందు పెట్టింది. "పది పంపులైతయి గీ ఎకరానికి."

మేడం గబగబా మధ్యలోకి వచ్చింది. "అవ్వా, సార్ ప్రాక్టికల్ మంచిగ చేసిండు. నేను మార్కులేసిన. పాసైండు."

"నీ పాసు నువ్వు రాసుకో బిడ్డా. నా పాసు పది పంపులైనంక."

బకెట్టులోంచి ఒక డబ్బా తీసి పంపులో పోసి, నీళ్ళు నింపి, మూత బిగించాను. ఇరవై లీటర్లు. మంగ్యా వెనక నుంచి ఎత్తి పట్టుకుంటే పట్టీలు భుజాలకు తగిలించుకున్నాను. ఇన్నేళ్ళలో కొన్ని వందల పంపులు అమ్మి ఉంటాను. నిండిన పంపు వీపుకెక్కడం అదే మొదటిసారి. పట్టీలు భుజం ఎముక మీద కూర్చున్నాయి. మడమలు తడి మట్టిలో దిగిపోయాయి. నా పొట్ట ఒక పక్కకు, పంపు ఒక పక్కకు లాగుతుంటే, తోటి విద్యార్థులూ, తండా అంతా చూస్తుండగా మొదటి సాలులోకి దిగాను.

రెండో పంపుకు చొక్కా తడిసింది. "కలుపు, ఏం గాదు" అని ఎన్ని వందల మందికి చెప్పానో, "మళ్ళీ ఇంకోసారి కొట్టు" అని ఎన్ని వందల మందికి చెప్పానో ఆ సాళ్ళ మధ్యనే నాకు మొదటిసారి లెక్కకు వచ్చింది. భోజ్యా ఒక సాలు నేను కొడతానన్నాడు. రుక్కి వాణ్ణి కూర్చోమంది. మేడం టెంటు కింద నిలబడి, కాగితం మడిచి, పల్లికాయలు తింటోంది.

నాలుగో పంపు సగమైంది. నా వెనక సాలులోనే ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. రుక్కి ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి, ఆకు వెనక్కి తిప్పి, వేలితో తుడిచి చూస్తోంది. నాకేసి చూడలేదు.

"సేటూ, ఆకు కింద తడువలే" అంది. "మల్ల కొట్టు."

నేను వెనక్కి తిరిగి, ఆ సాలు మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.